దిద్దింది ఎవరు?

(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి కొంత భాగం)

సంధానకర్త: ఈవేళ కథారచయిత్రి భండారు అచ్చమాంబ గురించి మాట్లాడుకుందాం. మాస్టారూ, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం పెట్టుకున్న ఊరు మనది. తొలి తెలుగు కథ గురజాడ 'దిద్దుబాటు' అనే చాలామంది అంటారు. కాదు, అచ్చమాంబగారిదంటే ఒప్పుకుంటారా?

అధ్యాపకుడు: (నవ్వుతూ) మొదట్లోనే ఇరికించేశారు! ఆవిడ 'ధనత్రయోదశి' 1902లో 'హిందూసుందరి' పత్రికలో వచ్చింది. 'దిద్దుబాటు' 1910. తేదీలు చూస్తే ఆవిడే ముందు, కాదనను. కాకపోతే గురజాడది వాడుక భాష. ఆ హాస్యం, ఆ నడక వేరు.

రచయిత్రి: 'దిద్దుబాటు'లో రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన గోపాలరావుని దారిలో పెట్టిందెవరు మాస్టారూ?

అధ్యాపకుడు: అతని భార్య కమలిని.

రచయిత్రి: 'ధనత్రయోదశి'లోనూ అంతే కదా! పండగపూట చేతిలో డబ్బుల్లేక యజమాని సొమ్ముకి ఆశపడ్డ భర్తని దిద్దింది భార్య విజయలక్ష్మే. ఎనిమిదేళ్ల ముందే!

అధ్యాపకుడు: బాగా పట్టుకున్నారమ్మా. కానీ ఆ నీతి మరీ పైకి కనిపిస్తుంది.

రచయిత్రి: కనిపిస్తుంది. ఆఖర్న యజమాని మెచ్చుకోవడం నాకూ కొంచెం ఇబ్బందే. అయినా ఆవిడ ఎలా చదువుకున్నారో గుర్తుంటే అంత గట్టిగా అనబుద్ధి కాదు.

సంధానకర్త: అది చెప్పండి మేడమ్.

రచయిత్రి: పుట్టింది 1874లో, నందిగామలో. ఆరేళ్లకి తండ్రి పోయారు. చిన్నతనంలోనే పెళ్లి, బడి లేదు. పెళ్లయ్యాక తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆవిడ దగ్గరే ఉండి చదువుకున్నాడు. అతను పుస్తకం తీస్తే ఈవిడా పక్కన కూర్చునేవారు. తెలుగు, హిందీ, మరాఠీ అలా వచ్చాయి. మన ఇళ్లలో తమ్ముడి హోంవర్క్ చేయించే అక్కల్ని చూశాం గానీ, తమ్ముడి చదువులోంచి తన చదువు తీసుకున్న అక్క! 'స్త్రీవిద్య' అని కథ రాశారంటే, ఆ మాట బయట ఎవరో చెప్తే విని రాసింది కాదు.

అధ్యాపకుడు: నన్నడిగితే కథల కన్నా 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పెద్ద పని. ఆడవాళ్లకి తెలివి తక్కువ, చదివితే చెడిపోతారు అనేవాళ్లకి వాదనతో కాదు, స్త్రీల జీవిత చరిత్రలతో జవాబిచ్చారు. ఇప్పుడంటే ఫోన్లో వెతుక్కుంటాం. అప్పుడు తెలుగు నేలకి దూరంగా బిలాస్‌పూర్ వైపు ఉంటూ ఇవన్నీ పోగేయడమంటే మాటలా?

సంధానకర్త: మచిలీపట్నంలో సమాజం కూడా పెట్టారు కదా?

రచయిత్రి: అవును, 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం.

సంధానకర్త: టైం అయిపోవస్తోంది. మాస్టారూ, రేపు క్లాసులో ఏ కథ ముందు చెప్తారు?

అధ్యాపకుడు: రెండూ ఒకే గంటలో చెప్తాను. కమలిని, విజయలక్ష్మి... మొగుళ్లని దిద్దిన ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెడతాను. పిల్లలు ఎవరి పక్షం తీసుకుంటారో చూడాలి.

రచయిత్రి: ఆవిడ 1905లో పోయారని కూడా చెప్పండి మాస్టారూ. అప్పటికి ముప్ఫై ఏళ్లే. మరుసటేడు ఆ తమ్ముడే తెలుగులో పుస్తకాలు వేసే విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టాడు.