పాఠం అందని ఆ నలుగురైదుగురు: ఛాత్రోపాధ్యాయులకు కొన్ని మాటలు

శ్రోతలకు నమస్కారం.

గుంటూరు కొత్తపేటలో గానీ విజయవాడ సింగ్‌నగర్‌లో గానీ ప్రభుత్వ బడికి వెళ్లే పిల్లలు ఇంట్లో ఉంటే, "మా క్లాసుకి కొత్త టీచర్ వచ్చారు, కొన్నాళ్లే ఉంటారంట" అని ఎప్పుడో ఒకప్పుడు చెప్పే ఉంటారు. వాళ్లు ఛాత్రోపాధ్యాయులు, అంటే బీఈడీ చదువుతూ బడిలో పాఠం చెప్పడం నేర్చుకునేవాళ్లు. రెండేళ్ల బీఈడీలో కనీసం 20 వారాలు బడిలో పనిచేయాలని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో నిబంధన పెట్టింది. ఆ వారాల్లో పాఠ్యపథకాలు రాస్తారు, చార్టులు గీస్తారు, పర్యవేక్షకుల ముందు పాఠం చెబుతారు. పాఠం అందని నలుగురైదుగురు పిల్లల సంగతి మాత్రం చాలాసార్లు రికార్డులో ఒక పేజీతో సరిపెట్టేస్తారు. ఆ పిల్లల కోసం ఛాత్రోపాధ్యాయులు నిజంగా ఏం చేయవచ్చో ఇవాళ చెబుతాను. తల్లిదండ్రులు కూడా వినండి. ఇంట్లో చేయదగ్గ పనులూ ఇందులో ఉన్నాయి.

మొదటి వారంలో జరిగే పొరపాటు తొందరపడి పేరు పెట్టేయడం. ఒకప్పుడు "మొద్దు" అనేవాళ్లు, తర్వాత "స్లో లెర్నర్" అన్నారు, ఇప్పుడు రెండో రోజుకే "డిస్లెక్సియా ఏమో", అంటే చదవడంలో ఉండే అభ్యసన వైకల్యమేమో అంటున్నారు. ఆ పేరు వల్ల సోమవారం పొద్దున మొదటి పీరియడ్‌లో ఆ పిల్లవాడితో ఏం చేయించాలో తెలియదు. వాడు ఏ అక్షరం దగ్గర, ఏ లెక్కలో, ఏ మాట దగ్గర ఆగిపోతున్నాడో తెలిస్తేనే పని మొదలవుతుంది. "చదవడం రాదు" అని నోట్సులో రాసుకుంటే ఉపయోగం లేదు. "పలక చదివాడు, గాలి చదివాడు, పల్లెను పలె అన్నాడు, పుస్తకాన్ని పుసకం అన్నాడు" అని రాసుకుంటే అడ్డం పడుతున్నది వత్తు అని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

తెలుగు చదవడంలో ఈ పరీక్షకి పెద్ద సామగ్రి అక్కర్లేదు. నాలుగు అట్టముక్కలు తీసుకుని ఒక్కోదాని మీద పదేసి మాటలు రాయండి. మొదటి అట్ట మీద పలక, గడప, వల లాంటి సరళ పదాలు. రెండో దాని మీద గుణింతాలతో గాలి, కోడి, పూలు. మూడో దాని మీద అమ్మ, బువ్వ, పల్లె వంటి ద్విత్వాలు. నాలుగో దాని మీద చక్రం, పుస్తకం, రాత్రి వంటి సంయుక్తాలు. తర్వాత రెండు తరగతులు కిందిదైన వాచకం నుంచి నాలుగు వాక్యాలు. పిల్లవాణ్ణి మిగతా వాళ్ల ముందు నిలబెట్టకుండా, వరండాలో ఓ పక్కన కూర్చోబెట్టి ఐదు నిమిషాల్లో చదివించండి. మధ్యలో దిద్దకండి. ప్రతి మాటకీ దిద్దుతూ పోతే పిల్లవాడు అట్ట వదిలేసి మీ ముఖం చూసి ఊహించడం మొదలుపెడతాడు. తప్పుగా చదివిన మాటను వాడు పలికినట్టే రాసుకోండి. సరిగ్గానే చదివినా తడుముకున్న మాటకు చుక్క పెట్టుకోండి. తెలుగులో అక్షరానికీ ధ్వనికీ పొత్తు గట్టిది కాబట్టి, ఇబ్బంది ఉన్న పిల్లలు కూడా కొంతకాలానికి తప్పులు తగ్గించుకుంటారు. వేగం మాత్రం రాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం చదివారో మరిచిపోతారు. తప్పులు లేవు కదా అని ఇలాంటి పిల్లల్ని వదిలేయకూడదు.

మన లిపిలో పిల్లలు చిక్కుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. ప, వ, ష, ఫ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. మ, య కూడా అంతే. డ-ద, బ-భ, న-స జంటలూ అంతే. కు, గులకు కొమ్ము పక్కన ఉంటుంది, పు, వులకు అడుగు నుంచి మొదలవుతుంది. కొ రాసిన పద్ధతిలో మొ, యొ రాయలేం. ఇక వత్తులు: తలకట్టు తీసి కింద రాస్తే వత్తు అవుతుందని చెబుతాం. అది చాలా అక్షరాలకు సరిపోతుంది గానీ త, న, మ, య, ర, ల వత్తులకు సరిపోదు. ఈ ఆరూ వాటి అసలు అక్షరాల్లా కనిపించవు. వీటిని ఆరు కొత్త గుర్తులుగా విడిగా నేర్పాలి. వారానికి రెండే చాలు. ఇసుక పళ్లెంలో వేలితో రాస్తూ పైకి పలికించండి. తర్వాత ఆ వత్తు ఉన్న ఐదు మాటలు, అదీ వాడి నోట్లో రోజూ ఆడే మాటలే, అట్టల మీద చదివించండి. ఒక్కో వత్తుకి అమ్మ, నాన్న, అత్త, పిల్లి, కొయ్య లాంటివి. రోజుకి పది నిమిషాలు చాలు. శనివారం గంటసేపు కూర్చోబెట్టడం కన్నా రోజూ పది నిమిషాలు చేయించిందే నిలుస్తుంది.

ఇక్కడ రెండు పనులు చెడగొడతాయి. ఒకటి, తికమక పడుతున్నాడు కదా అని డ, ద రెండూ ఒకే రోజు పక్కపక్కన పెట్టి నేర్పడం. దాంతో తికమక ఇంకా గట్టిపడుతుంది. ఒకటి బాగా కుదిరాక, వారం పది రోజుల తర్వాత రెండోది తెండి. రెండోది, తప్పు రాసిన మాటను ఇరవై సార్లు రాయించడం. పిల్లవాడు మొదట నిలువుగా ఇరవై "పు"లు రాసుకుంటాడు, తర్వాత వరసగా ఇరవై "స్త"లు. వాడి చేయి నొప్పెడుతుంది తప్ప ఆ మాటను ఒక్కసారి కూడా చదివి ఉండడు.

మన రాష్ట్రంలో ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లిషూ ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మామూలు పిల్లలకి అది సౌకర్యం. అక్షరాలు పట్టుకోవడానికే తంటాలు పడే పిల్లల కళ్లు మాత్రం రెండు పేజీల మధ్య కొట్టుకుంటాయి. ఒక పేజీని తెల్ల కాగితంతో మూసేయండి. పెళ్లి శుభలేఖ అట్టలో రెండు వరసలు మాత్రమే కనిపించేలా కిటికీ కోసి ఇస్తే, దాన్ని కిందికి జరుపుకుంటూ చదువుతారు.

వెనకబడిన ప్రతి బిడ్డకీ అభ్యసన వైకల్యం ఉందనుకోకూడదు. దీన్ని గట్టిగా చెప్పాలి. మిరప కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి గుంటూరు, పల్నాడు ఊళ్లకి వచ్చే కుటుంబాల పిల్లలు నెలల తరబడి బడికి దూరమవుతారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు, సుగాలీ మాట్లాడే పిల్లలున్నారు. అందరినీ ఒకే గాటన కట్టేస్తే అన్యాయం. తేడా తెలుసుకునే మార్గం బోధనే. ఆరు నుంచి ఎనిమిది వారాలు పద్ధతిగా నేర్పండి, వారం వారం అవే నాలుగు అట్టలు చదివించి లెక్క రాయండి. అవకాశం దొరక్క వెనకబడిన బిడ్డ గబగబా పైకి వస్తుంది. అదే బోధన అందినా కదలిక బాగా తక్కువగా ఉంటే అప్పుడు నిపుణులకు చూపించాలి.

దానికన్నా ముందు కళ్లూ చెవులూ చూపించాలి. చెవి కారే పిల్లలకు ఒక వారం బాగా వినిపిస్తుంది, మరో వారం వినిపించదు. వాళ్లను "వింటూనే విననట్టు నటిస్తాడు" అంటారు. ఇలాంటి అనుమానం వస్తే ముందు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, చెవి ముక్కు గొంతు విభాగానికి పంపమని తల్లిదండ్రులకి చెప్పండి.

లెక్కల్లోనూ ఇదే దారి. 42లో నుంచి 17 తీసేయమంటే 35 అని రాశాడనుకోండి. తప్పు గుర్తు పెట్టి ఊరుకోకండి, ఆ 35 ఎలా వచ్చిందో చూడండి. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలన్న సూత్రాన్ని వాడు నిలువు వరసలకు వర్తించాడు: 7లోంచి 2 తీస్తే 5, 4లోంచి 1 తీస్తే 3. వాడికి తీసివేత వచ్చు, రానిది పదుల స్థానం. ఐస్‌క్రీం పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్ వేసి కట్టలు కట్టండి. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి ఏడు ఇవ్వమనండి. రెండే విడిగా ఉన్నాయి కాబట్టి వాడే ఒక కట్ట విప్పుతాడు. ఆ విప్పిన క్షణంలోనే నోటుబుక్కులో 4 కొట్టేసి 3, 2 పక్కన 1 రాయించండి. పుల్లలూ అంకెలూ కొన్నాళ్లు కలిసే నడవాలి. చాలామంది ఛాత్రోపాధ్యాయులు రెండు రోజులకే పుల్లలు తీసేస్తారు, అక్కడ మళ్లీ మొదటికొస్తుంది. అంకెలు వంకరగా పడి తప్పు చేసే పిల్లలకి గళ్ల నోటుబుక్కు ఇచ్చి గడికో అంకె రాయించండి.

తరగతిలో మనం ఇచ్చే ఆదేశాలూ ఒక అడ్డంకే. "పుస్తకం తీసి 34వ పేజీలో మూడో ప్రశ్న చదివి జవాబు కింద గీత గీసి నోట్సులో రాయండి" అంటాం. ఒకే ఊపిరిలో ఐదు పనులు. ఏకాగ్రత నిలవని పిల్లకి మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి. ఒక్కో పని చెప్పండి, పేజీ నంబరు బోర్డు మీద రాయండి, అందరూ తీశాక రెండోది చెప్పండి. ప్రశ్న అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టి అప్పుడు పేరు పిలవండి. ఆ ఐదు సెకన్లలో జవాబు తట్టే పిల్లలు ఎక్కువే ఉంటారు.

కుదురుగా కూర్చోలేని పిల్లవాణ్ణి తలుపు పక్కన, కిటికీ పక్కన కాకుండా ముందు వరసలో కూర్చోబెట్టండి. పది నిమిషాల పని ఇచ్చి, అది కాగానే నోటుబుక్కులు పంచమనండి, బోర్డు తుడవమనండి. శిక్షగా ఆట పీరియడ్ తీసేయవద్దు. కదలిక అవసరమైన ఒంటికి కదలిక తగ్గిస్తే మధ్యాహ్నం తరగతి మరింత కష్టమవుతుంది. గొడవ జరిగినప్పుడల్లా మూడు గళ్లు రాసుకోండి: ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, తర్వాత అందరూ ఏం చేశారు. వారం తిరిగేసరికి గొడవలన్నీ పైకి చదవమన్న పీరియడ్‌లోనే వచ్చాయని తేలవచ్చు. అలా తేలితే సరిచేయాల్సింది చదువునే.

వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లకి బోర్డు వైపు తిరిగి పాఠం చెబితే ఏమీ అందదు. రాసేటప్పుడు ఆగి, తిరిగాక మాట్లాడండి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మీ ముఖం నీడలో పడి పెదవులు కనిపించవు. యంత్రం కుయ్యిమంటుంటే చాలాసార్లు చెవిలో అచ్చు సరిగ్గా కూర్చోకపోవడమే కారణం. చూపు తక్కువున్న పిల్లల కోసం నల్లబల్ల మీద తెలుపు, పసుపు సుద్దలే వాడండి. ఎరుపు, నీలం కనిపించవు. బోర్డు మీద రాసేదంతా పైకి చదువుతూ రాయండి. చేతి పట్టు లేని పిల్లలకి పెన్సిల్ చుట్టూ గుడ్డ చుట్టి లావు చేయండి, కాగితాన్ని టేపుతో బల్లకి అంటించండి, కాళ్లు నేలకి అందకపోతే కింద పీట వేయండి. పాదాలకి ఆధారం లేకపోతే చేయి నిలవదు.

మూర్ఛ వచ్చే బిడ్డ తరగతిలో ఉంటే ఏం చేయాలో అందరికీ తెలిసి ఉండాలి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం వద్దు. చుట్టూ బల్లలు జరిపి, తల కింద మెత్తటిది పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తేరుకోకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

పరీక్షల దగ్గర ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది: ఒకరికి నోటితో జవాబు చెప్పనిస్తే మిగతా వాళ్లకి అన్యాయం కాదా? సైన్సు పరీక్ష అడుగుతున్నది మొక్క ఆహారం ఎలా తయారు చేసుకుంటుందో తెలుసా అని. బొమ్మ గీసి, బాణాలు పెట్టి, నోటితో వివరించిన పిల్లకి అది తెలుసు. తెలుగు రాతపరీక్షలో అక్షరదోషాలకి మార్కులు తగ్గించండి, సైన్సులో తగ్గించకండి. ఇందులో దయ చూపించడమేమీ లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 నాటి పాత చట్టంలో ఏడే ఉండేవి. నిర్దిష్ట అభ్యసన వైకల్యం, అంటే చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది, కొత్త చట్టంలోనే చోటు చేసుకుంది. ఆ పిల్లల్ని తోటి పిల్లలతో కలిపి చదివించడం, తగిన సర్దుబాట్లు చేయడం బడి బాధ్యత అని చట్టం చెబుతోంది.

ఇదంతా ఛాత్రోపాధ్యాయులు ఒంటరిగా మోయాల్సిన పని కాదు. మన మండలాల్లో సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, అక్కడ ఐఈఆర్‌టీలు, అంటే ఆ పిల్లలకి నేర్పే ప్రత్యేక ఉపాధ్యాయులు, పనిచేస్తారు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో అక్కడ ఒక రోజు కూర్చుని చూడండి. రోగనిర్ధారణ చేసే అధికారం మీకు లేదు కాబట్టి తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు తరగతి ఉపాధ్యాయుల్ని పక్కన ఉంచుకోండి. "అమ్మా, మీవాడు గుణింతాలు బాగా చదువుతున్నాడు, వత్తుల దగ్గర ఆగుతున్నాడు, ఈ ఆరు వారాలు మేం ఇది చేస్తాం, ఇంట్లో రోజూ ఈ ఐదు అట్టలు చదివించండి" అని చెబితే ఆ తల్లి చేయగలుగుతుంది. "మీవాడికి ఏదో ప్రాబ్లమ్ ఉందండీ" అంటే ఇంటికెళ్లి వాణ్ణి కొడుతుంది, లేదా మరో ట్యూషన్‌లో వేస్తుంది. తల్లిదండ్రులకి కూడా ఒక మాట. పదో తరగతి పరీక్షలో స్క్రైబ్ (జవాబులు రాసిపెట్టే మనిషి), అదనపు సమయం లాంటి వెసులుబాట్లకి వైకల్యం ఉందన్న ధ్రువపత్రం కావాలి. పరీక్షలు నెత్తి మీదికి వచ్చాక పరుగెత్తితే అందదు. అనుమానం ఉంటే ఏడో తరగతిలోనే మొదలుపెట్టండి.

ఛాత్రోపాధ్యాయులు వెళ్లిపోయే ముందు వారంలో, ఇలా పనిచేసిన ప్రతి బిడ్డ గురించీ ఒక్కో పేజీ రాసి తరగతి ఉపాధ్యాయులకి ఇవ్వాలి. వచ్చినప్పుడు ఏ అట్ట దాకా చదివింది, ఇప్పుడు ఏ అట్ట దాకా చదువుతోంది, ఏ పద్ధతి పనిచేసింది, ఏది పనిచేయలేదు, తర్వాత నేర్పాల్సిన రెండు వత్తులు ఏవి, మళ్లీ ఏ తేదీన చదివించి చూడాలి. ఆ అట్టలూ పుల్లల కట్టలూ ఒక కవర్లో పెట్టి, పైన బిడ్డ పేరు రాసి, ఆ పేజీతో పాటే ఇచ్చి వెళ్లండి.

నమస్కారం.