మూడు దెబ్బలు, మధ్యలో ఖాళీ

నమస్కారం అండీ. ముందు ఇది వినండి. దూమ్... ద-దూమ్. దూమ్... ద-దూమ్.

అంతే, ఇంకేం లేదు. టెంప్టేషన్స్ బృందం పాడిన ‘మై గర్ల్’ ఇలాగే మొదలవుతుంది. 1964 చివర్లో డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డు కంపెనీ నుంచి వచ్చింది, 1965 మార్చికల్లా అమెరికాలో నంబర్ వన్. ఆ దూమ్‌లు బేస్ గిటార్‌వి, అంటే లావు తీగలతో కింది స్వరాలు పలికే గిటార్. వాయించింది జేమ్స్ జేమర్సన్. అప్పట్లో మోటౌన్ రికార్డుల మీద వాయించేవాళ్ల పేర్లు వేసేవాళ్లు కాదు. ఆయన పేరు అట్ట మీద చూడాలంటే 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

సరే, బేస్ గిటార్ తీసుకోండి. ఈ మొదలులో ఉన్నవి రెండే స్వరాలు, సి, జి. మన లెక్కలో స, దాని కింది ప. తంబురా మీటినా వినబడేవి అవేగా! ‘ఎ’ తీగ మీద మూడో ఫ్రెట్ (వీణకున్నట్టు అడ్డంగా ఉండే మెట్టు) నొక్కితే స. పక్కనే ఉన్న లావు ‘ఇ’ తీగ మీద అదే మూడో ఫ్రెట్ ప. చెయ్యి జరపక్కర్లేదు. చరణంలో వచ్చే ఎఫ్ కూడా ‘డి’ తీగ మీద మూడో ఫ్రెట్‌లోనే ఉంది. వయొలిన్ల భాగం అయ్యాక శ్రుతి సి నుంచి డికి మారుతుంది, అప్పుడు అన్నీ రెండు ఫ్రెట్లు పైకి.

పది నిమిషాల్లో వచ్చేసిందనుకుని ఫోన్‌లో రికార్డు చేశాను. వింటే, స్టాండులో ఆగిన ఆర్డినరీ బస్సు ఇంజిన్‌లా ఉంది! స్వరాలన్నీ సరైనవే. మొదటి ‘దూమ్’ ఎక్కడా ఆగడం లేదు, అదీ గొడవ. మధ్యలో ఖాళీ ఉంటేనే ‘ద-దూమ్’ గుండె చప్పుడులా పడుతుంది.

దానికి ఎడమ చేతి వేలు చూడండి. నొక్కడం మానాలి, కానీ తీగ మీంచి వేలు తియ్యకూడదు. పూర్తిగా తీస్తే తీగ మళ్లీ మోగుతుంది. అసలు పాట నిమిషానికి దాదాపు 104 బీట్లు. నెమ్మదిగా అయితే సులువని నేను 70 దగ్గర మొదలుపెట్టాను. తప్పయింది. నెమ్మదించే కొద్దీ ఆ ఖాళీ ఇంకా పెద్దదవుతుంది, ఆగలేక చెయ్యి ముందే పడిపోతుంది.

జేమర్సన్ కుడి చేత్తో మీటింది ఒక్క చూపుడు వేలితోనే. దానికి ‘హుక్’ అని పేరు కూడా పెట్టారు. నిలబెట్టి వాయించే పెద్ద బేస్ నుంచి వచ్చిన మనిషి కదా. లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైన నున్నగా ఉండేవి), తీగలు ఆనే బ్రిడ్జి మీది కవర్ కింద ఫోమ్ ముక్క. నా దగ్గర ఫోమ్ లేక, వంటింట్లో గిన్నెలు తోమే కొత్త స్పాంజిని అడ్డంగా కోసి బ్రిడ్జి దగ్గర తీగల కింద దూర్చాను. ఆ మోత సగం తగ్గింది. (ఈ వీడియో మా అమ్మ చూడకపోతే బాగుండు.)

ఇప్పుడు రికార్డుతో కలిపి వాయిస్తాను. రాబర్ట్ వైట్ గిటార్ మెట్లెక్కినట్టు పైకి వెళ్తుంది చూడండి, అక్కడ నేను ఇప్పటికీ పరిగెడతాను. వినండి, దొరికిపోతాను.