గెలిచినవాళ్ల చేతికే బిల్లు

(చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: చరిత్ర అధ్యాపకురాలు, ఆర్థిక పాత్రికేయుడు, విశ్రాంత దౌత్యాధికారి)

వ్యాఖ్యాత: నమస్కారం. వలస దేశాల స్వాతంత్ర్య పోరాటం అనగానే మనకు జైళ్లు, తుపాకులు, జెండాలు గుర్తొస్తాయి. అప్పుపత్రాలు గుర్తురావు. ఈరోజు వాటి గురించే మాట్లాడదామని మీ ముగ్గురినీ పిలిచాం. మేడమ్, యుద్ధంలో గెలిచిన హైతీ, ఓడిన ఫ్రాన్స్‌కు నష్టపరిహారం కట్టిందని రాసుకొస్తే మా బృందంలో ఒకరు నమ్మలేదు. రాయడంలో అటూ ఇటూ అయిందేమో చూడమన్నారు.

చరిత్ర అధ్యాపకురాలు: తరగతిలో మా పిల్లలూ అదే అంటారు. అచ్చంగా అదే జరిగిందండీ. కరీబియన్ సముద్రంలోని సాన్ దొమాంగ్, అంటే ఇప్పటి హైతీ, అప్పట్లో ఫ్రాన్స్‌కు బంగారు బాతు. చక్కెర, కాఫీ అక్కడివే. ఆ తోటల్లో సుమారు 5 లక్షల మంది ఆఫ్రికా బానిసలు. 1791 ఆగస్టులో వాళ్లు తిరగబడ్డారు. తర్వాత నెపోలియన్ తన బావమరిదినే సేనానిగా పంపాడు.

దౌత్యాధికారి: బావమరిది కాదు మేడమ్, చెల్లెలి భర్త. లెక్లెర్క్.

చరిత్ర అధ్యాపకురాలు: అవును, బావగారు. సరిదిద్దినందుకు ధన్యవాదాలు. ఆ లెక్లెర్క్ పచ్చజ్వరంతో అక్కడే పోయాడు. అంతకుముందే తిరుగుబాటు నాయకుడు తూసాన్ లూవెర్త్యూర్‌ను పట్టి ఫ్రాన్స్ కొండల్లోని కోటలో పెట్టారు. 1803 ఏప్రిల్‌లో ఆయన ఆ చలికొట్లోనే కన్నుమూశాడు. అయినా అదే ఏడాది నవంబరు 18న వెర్తియేర్ దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది. 1804 జనవరి 1న తిరుగుబాటు సేనాని దెసాలిన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఆ రోజు గుర్తుగా ఇప్పటికీ హైతీలో ప్రతి ఇంటా గుమ్మడికాయ సూప్ వండుతారు. బానిసలుగా ఉన్న రోజుల్లో గుమ్మడి వాళ్లు పండించిందే, వంట వాళ్లు చేసిందే, తాగేది మాత్రం దొరలు. అందుకని స్వాతంత్ర్యం వచ్చిన రోజున ముందు ఆ గిన్నె తమ ముందు పెట్టుకున్నారని చెప్పుకుంటారు.

వ్యాఖ్యాత: మరి బిల్లు ఎప్పుడొచ్చింది?

చరిత్ర అధ్యాపకురాలు: 21 ఏళ్లకు. 1825 ఏప్రిల్ 17న ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ ఒక ఆజ్ఞాపత్రం మీద సంతకం చేశాడు. జూలైలో దాన్ని మకో అనే నౌకాధికారి హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌కు తెచ్చాడు. వెనక 14 యుద్ధనౌకలు, 500కు పైగా ఫిరంగులు. ఆ పత్రం చాలా చిన్నది, మూడే అంశాలు. మొదటిది రేవు సుంకాల గురించి: ఫ్రెంచి ఓడలకు సగమే. రెండోది: పాత తోటల యజమానులకు పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు, ఐదు వాయిదాల్లో. మూడోది: ఈ షరతుల మీద స్వాతంత్ర్యం ప్రసాదిస్తున్నాం. ఇందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆ కాగితంలో 'హైతీ' అన్న పేరే లేదు. 'సాన్ దొమాంగ్ ఫ్రెంచి భాగపు ప్రస్తుత నివాసులు' అని రాశారు. ఇల్లు మీదే, కానీ కాగితం మీద మీరు అద్దెకున్నవాళ్లు.

ఆర్థిక పాత్రికేయుడు: ఆ 15 కోట్లు ఎంత పెద్ద మొత్తమో ఒక్క పోలికతో చెబుతాను. 1803లో ఇదే ఫ్రాన్స్ లూసియానాను అమెరికాకు అమ్మింది. ఇప్పటి అమెరికాలో పదికి పైగా రాష్ట్రాలకు ఆ భూమి విస్తరించి ఉంది. దాని ధర 8 కోట్ల ఫ్రాంకులు. ఇక్కడ ఒక దీవిలో మూడో వంతుకు 15 కోట్లు. అదీ అమ్మకం కాదు, ఆ నేల చేజారి అప్పటికే రెండు దశాబ్దాలు. పైగా పరిహారం లెక్క కట్టిన ఆస్తుల్లో బానిసలు కూడా ఉన్నారు. అంటే మనిషి తన ఒంటికి తానే ధర కట్టి ఇచ్చాడన్నమాట.

వ్యాఖ్యాత: సార్, మీరు ఏదో అనబోయారు.

దౌత్యాధికారి: హైతీ అధ్యక్షుడు బోయర్ సంతకం పెట్టాడు కాబట్టి అతన్ని తిట్టడం తేలిక. అతని కుర్చీలో కూర్చొని చూడండి. ఒక్క పెద్ద దేశం కూడా హైతీని గుర్తించలేదు. పొరుగున అమెరికా గుర్తించింది 1862లో! తమ బానిసలకు అది చెడ్డ ఉదాహరణ అవుతుందని వాళ్ల భయం. గుర్తింపు లేకపోతే వ్యాపారం లేదు, అప్పు పుట్టదు. పరిహారం మాట కూడా బోయర్ కొత్తగా కనిపెట్టలేదు. అంతకుముందు దక్షిణ హైతీని ఏలిన పెటియోన్ హయాంలో 1814లోనే ఆ మాట నడిచింది.

చరిత్ర అధ్యాపకురాలు: నడిచింది నిజమే. కానీ అదే కాలంలో ఉత్తర హైతీని ఏలిన క్రిస్తోఫ్ ఏం చేశాడు? ఫ్రెంచివాళ్లు మళ్లీ వస్తారని కొండ నెత్తిన ఫిరంగులతో కోట కట్టించాడు. అంటే ఇంకో దారి కూడా వాళ్ల ఊహలో ఉంది. నాకు బోయర్ మీద కోపం సంతకం వల్ల కాదు. ఆ భారం ఎవరి నెత్తిన పెట్టాడన్నదానికి. మరుసటి ఏడాదే గ్రామీణ చట్టం తెచ్చి, రైతుకూలీలను మళ్లీ తోటలకే కట్టేయబోయాడు.

దౌత్యాధికారి: అది ఒప్పుకుంటాను.

ఆర్థిక పాత్రికేయుడు: అసలు కథ మొదటి వాయిదాతో మొదలవుతుంది. 3 కోట్ల ఫ్రాంకులు కట్టాలి. ప్రభుత్వ ఏడాది రాబడికి అది అనేక రెట్లు. అందుకని పారిస్ బ్యాంకర్ల దగ్గరే 3 కోట్లు అప్పు చేశారు. చేతికి వచ్చింది 2 కోట్ల 40 లక్షలు. మిగతాది ముందే కోసుకున్నారు. కాల్‌మనీ వ్యాపారం చూసిన విజయవాడ వాళ్లకు నేను ఇది విడమరచి చెప్పక్కర్లేదు. నోటు రాసేది లక్షకు, చేతిలో పెట్టేది 80 వేలు, వడ్డీ మాత్రం లక్ష మీద. ఆ తగ్గిన దానికి ఖజానా ఊడ్చినా పూర్తిగా సరిపోలేదు. ఆ అప్పు కూడా ఫ్రాన్స్‌కే. పరిహారం ఒక చేత్తో, దాన్ని కట్టడానికి చేసిన అప్పు మీద వడ్డీ ఇంకో చేత్తో. హైతీవాళ్లు దీన్ని జంట అప్పు అన్నారు.

వ్యాఖ్యాత: తగ్గించలేదా?

ఆర్థిక పాత్రికేయుడు: 1838లో మొత్తం పరిహారాన్ని 9 కోట్లకు దించారు. అయినా పరిహారం, ఆ మొదటి అప్పు తీరేసరికి 1880లు వచ్చేశాయి. ఈ డబ్బు ఎక్కడిది? కాఫీది. ఎగుమతి సుంకం రూపంలో, కొండ మీద నాలుగు చెట్లు పెంచుకున్న రైతు నుంచి. తర్వాత కొత్త అప్పులు, 1915లో అమెరికా సైన్యం ఆక్రమణ, 1922లో న్యూయార్క్ అప్పు. ఆ చివరి రుణం తీరింది 1947లో. మనం స్వతంత్రులమైన ఏడాది.

వ్యాఖ్యాత: ఆ ఏడాది మన పరిస్థితి ఏమిటి?

ఆర్థిక పాత్రికేయుడు: తలకిందులు. రెండో ప్రపంచ యుద్ధంలో మన సరుకు, మన సైనికుల ఖర్చు బ్రిటన్ ఖాతా మీద రాసుకుంది. 1947 నాటికి బ్రిటనే మనకు 100 కోట్ల పౌండ్లకు పైగా బాకీ. అలాగని మురిసిపోనక్కర్లేదు. ఆ సరుకు తరలిన రోజుల్లో బెంగాల్లో తిండి లేక లక్షల మంది చనిపోయారు.

దౌత్యాధికారి: హైతీ పాతకాలపు ముచ్చట అనుకోకండి. 1949లో ఇండోనేషియాకు ఇదే జరిగింది. హేగ్ చర్చల్లో డచ్చివాళ్లు సార్వభౌమత్వం ఇస్తూ 430 కోట్ల గిల్డర్ల అప్పు కొత్త దేశం మీద పెట్టారు. మమ్మల్ని అణచడానికి మీరు పంపిన సైన్యం ఖర్చు మేమెందుకు కట్టాలని ఇండోనేషియా ప్రతినిధులు వాదించారు. చివరికి ఈ మొత్తానికి దిగొచ్చారు. 1956లో సుకర్ణో ప్రభుత్వం ఇక కట్టమని తెగేసి చెప్పింది. నా ఉద్దేశం, ఆ తెగింపు బోయర్‌కు లేకపోవడం కాదు తేడా. 1956 నాటికి ప్రపంచంలో సుకర్ణోకు తోడు ఉన్నారు. అంతకు ఏడాది ముందే ఇండోనేషియాలోని బాండుంగ్‌లో 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు కలిసి కూర్చున్నాయి. హైతీ పక్కన కూర్చోవడానికి ఎవరున్నారు?

చరిత్ర అధ్యాపకురాలు: ఒక చిన్న ముక్క కలుపుతాను, ఇది మనకు దగ్గరిది. సాన్ దొమాంగ్ పోయాక ఫ్రాన్స్‌కు చక్కెర కావాలి కదా. హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రెయూనియన్ అనే దీవిలో చెరకు పెంచారు. 1828లో అక్కడికి కూలీలను ఓడెక్కించింది యానాం నుంచి. తెలుగువాళ్లు.

వ్యాఖ్యాత: సమయం అయిపోవచ్చింది. ఒక ప్రేక్షకుడి ప్రశ్న: ఆ డబ్బు హైతీ తిరిగి అడగలేదా?

ఆర్థిక పాత్రికేయుడు: అడిగింది. 2003లో అధ్యక్షుడు అరిస్టీడ్ లెక్క కట్టి అడిగాడు. 2,168 కోట్ల 51 లక్షల 35 వేల 571 డాలర్ల 48 సెంట్లు. ఆ 48 సెంట్లకు నవ్వినవాళ్లున్నారు. నాకు మాత్రం నచ్చింది. బాకీ వసూలుకు వెళ్లేవాడు చిల్లరతో సహా రాసుకొనే వెళ్తాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆయన పదవి పోయింది.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఎక్కడుంది వ్యవహారం?

దౌత్యాధికారి: 2025 ఏప్రిల్ 17న, సరిగ్గా 200 ఏళ్లకు, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ఇది అన్యాయమేనని అంటూ రెండు దేశాల చరిత్రకారులతో కమిషన్ ప్రకటించారు.

వ్యాఖ్యాత: కమిషనా!

చరిత్ర అధ్యాపకురాలు: మీరు నవ్వుతున్నారు, నాకు తెలుసు ఎందుకో. వాళ్లకు మాత్రం ఆ మొదటి కాగితం తెచ్చి బల్ల మీద పెట్టమని చెప్పండి. ఈసారైనా 'హైతీ' అని రాస్తారేమో.