వేలి మీద మరక

అధ్యక్షులవారికీ, గ్రంథాలయం వాళ్లకీ, గోడకి చేరబడి నిలబడ్డ కుర్రాళ్లకీ నమస్కారం. ఇవాళ జనవరి 25, అంటే 1950లో ఎన్నికల సంఘం ఏర్పడిన రోజు. 2011 నుంచి దీన్ని ఓటర్ల దినోత్సవంగా చేస్తున్నారు. ఓటరు కార్డు గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. మాట్లాడతాను గానీ ముందు ఒక సంగతి చెప్పుకోవాలి.

1989 నవంబరు, నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని, అంటే పోలింగ్ కేంద్రానికి పెద్దని. పెట్టెలు పడవకెత్తి గోదావరి పాయ దాటించిన లంక ఊరు. అప్పటికి ఫొటో కార్డులు లేవు, ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్న శేషన్ గారు పట్టుబట్టి వాటికి ఆదేశాలిచ్చింది 1993లో. లోపల కూర్చునే పార్టీల ఏజెంట్లు ‘ఫలానా’ అంటే ఫలానాయే. మధ్యాహ్నం ఒక ముసలావిడ వచ్చింది. చూస్తే జాబితాలో ఆవిడ పేరు మీద అప్పటికే గీత కొట్టేసి ఉంది. “నేనింకా ఎయ్యలేదు బాబూ” అని ఎడమ చెయ్యి చాపింది. చూపుడువేలి నిండా నల్లటి మరకలు. “అదిగోండి సిరా, ఏసేసి మళ్లీ వచ్చింది” అన్నాడొక ఏజెంటు. బయట పెద్ద లైను, లోపల అరుపులు, నాకు టెన్షన్. వెళ్లిపోమన్నాను. ఆవిడ ఆ వేలిని ఇంకోసారి చూసుకుని మెట్లు దిగిపోయింది.

అరటి గెలలు కోసే చేతులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? ఆ జిగురు బట్టకంటితే చిరిగేదాకా పోదు కదండీ! మైసూరు నుంచి వచ్చే మన ఎన్నికల సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, గోరు మీద పడితే గోరు పెరిగి పోయేదాకా అలాగే ఉంటుంది. సాయంత్రం పెట్టెకి సీలు వేస్తుంటే నా పక్కనున్న ఆఫీసరు మెల్లగా అన్నాడు, “ఆవిడ గోరు శుభ్రంగానే ఉందండి మాస్టారూ.”

అంతకంటే ఘోరం ఇంకోటుంది. మన పేరుతో ఎవరో వేసేసినా మనం వెనక్కి రానక్కర్లేదు. టెండర్డ్ ఓటని, 1961 నిబంధనల్లోనే ఉంది. ఆ కాగితాలు ఆ రోజు నా సంచిలోనే ఉన్నాయి. ఇప్పుడైనా అంతే, మెషీన్ నొక్కనివ్వరు, బ్యాలెట్ కాగితం ఇచ్చి, వేశాక కవర్లో విడిగా పెడతారు. మామూలు లెక్కింపులో కలపరు, కోర్టు అడిగితేనే తెరుస్తారు. మరెందుకండీ అంటారా? 2008లో రాజస్థాన్ నాథద్వారాలో ఒక అభ్యర్థి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయాడు. అలాంటప్పుడు కవర్లో ఉన్న ఒక్క కాగితానికీ విలువుంటుంది.

కార్డు సంగతి. అది పోయిందని ఇంట్లో కూర్చోకండి. ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, వీటిలో ఏదైనా చాలు. ఇంటికొచ్చి ఇచ్చే స్లిప్పు ఒక్కటే పట్టుకెళితే మాత్రం 2019 నుంచి ఒప్పుకోవడం లేదు. కార్డులో అక్షరం తప్పు పడినా, మనిషి మీరేనని తేలితే ఓటు వేయనివ్వాలి. అయితే జాబితాలో పేరు లేకపోతే ఎన్ని కార్డులున్నా లాభం లేదు, చాలామంది పోలింగ్ రోజున అక్కడికి వెళ్లాకే కంగారు పడతారు! పేరు చేర్పించడానికి ఫారం 6, తప్పు దిద్దించడానికి ఫారం 8.

కుర్రాళ్లూ, జారుకోకండి, మీకు పద్దెనిమిది నిండాయా లేదా?

మనూరి జాబితా ఆ చివరి బల్ల మీద పెట్టించాను. కళ్లజోడు తెచ్చుకోనివాళ్లు నా దగ్గరికి రండి, పేరు నేను వెతికిపెడతాను.