పీపా నుంచి ఛాతీ దాకా

శ్రోతలకు నమస్కారం.

దగ్గు ఎంతకీ తగ్గడం లేదని డాక్టర్ దగ్గరికి వెళ్తే, స్టెతస్కోప్ పెట్టే ముందో తర్వాతో ఆయన ఒక పని చేస్తారు, ఎప్పుడైనా గమనించారా? ఎడమ చేతి వేలు మన వీపు మీద ఆనించి, కుడి చేతి వేలితో దాని మీద టక్ టక్ మని తడతారు. లోపల గాలి ఉన్నచోట డొల్లగా మోగుతుంది, నీరు చేరినచోట మొద్దుగా వినిపిస్తుంది. ఈ పద్ధతిని మొదట పుస్తకంగా రాసింది వియన్నాలో పనిచేసిన లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్ అనే డాక్టర్, 1761లో. ఆయన తండ్రి సత్రం నడిపేవారు. పీపాలో ద్రాక్షసారా ఎంతవరకు ఉందో మూత తీయకుండా, బయట తట్టి చెప్పేయడం అలాంటి చోట మామూలు పని. అది చూస్తూ పెరిగాడు కాబట్టే ఈ ఆలోచన వచ్చిందని వైద్య చరిత్రలో చెబుతూ వస్తున్నారు. పైగా ఆయనకు సంగీతం తెలుసు, సాలియేరి స్వరపరిచిన ఒక ఆపెరాకు, అంటే పాటల నాటకానికి, మాటలు కూడా రాశారు. అంటే ఒక మోతకీ ఇంకో మోతకీ తేడా పట్టే చెవి ఆయనకు ఉండి ఉంటుంది.

ఇలాంటి కథ వినగానే అందరూ అనే మాట ఒకటుంది, అన్నీ కొంచెం కొంచెం నేర్చుకుంటూ ఉండాలండీ, ఏది ఎప్పుడు పనికొస్తుందో ఎవరికి తెలుసు అని. నేను అంత తొందరగా ఒప్పుకోను. పీపాలు తట్టిన వాళ్లు ఐరోపా అంతా ఉన్నారు, వాళ్లను చూసిన డాక్టర్లకూ కొదవ లేదు. మరి ఈయనకే ఎందుకు తట్టింది? ఆస్పత్రిలో ఆయన ముందు రోగులున్నారు, వాళ్ల ఛాతీలో ఏముందో బతికి ఉండగా తెలియడం లేదు, చనిపోయాక కోసి చూస్తేనే తెలుస్తోంది. ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. ఆలోచన వచ్చాక కూడా ఊరుకోలేదు, శవాల ఛాతీలోకి ద్రవం ఎక్కించి, బయట తట్టి, మోత ఎక్కడ మారుతుందో సరిచూసుకున్నారు. ఐడియా ఎక్కడిదైనా, చాకిరీ అంతా సొంత వృత్తిలోనే చేశారు. (ఇంత చేసినా ఆ పుస్తకాన్ని చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1808లో కోర్విసార్ అనే ఫ్రెంచి డాక్టర్ తన భాషలోకి అనువదించాకే దానికి పేరొచ్చింది. 1816లో స్టెతస్కోప్ కనిపెట్టిన లేనెక్ ఆ కోర్విసార్ శిష్యుడే.)

డార్విన్ సంగతీ ఇంతే. జీవజాతులు ఎలా మారతాయన్న ప్రశ్న మీద పదిహేను నెలలుగా నోట్సు రాసుకుంటూ, 1838లో, సరదాగా చదువుదామని మాల్థస్ అనే ఆర్థికవేత్త జనాభా మీద రాసిన పుస్తకం తీశారు. జనం పెరిగినంత వేగంగా తిండి పెరగదు అన్న వాదన అందులో ఉంది. అలాగైతే ప్రకృతిలో ప్రతి ప్రాణికీ బతుకు కోసం పోరాటమే కదా, ఆ పోరాటంలో పనికొచ్చే మార్పు ఉన్నవే నిలుస్తాయి కదా అని ఆయనకు దారి దొరికింది. అదే ప్రశ్నతో తిరుగుతున్న ఆల్ఫ్రెడ్ వాలెస్ ఆ పుస్తకాన్ని ఎప్పుడో పదేళ్లకు పైగా ముందు చదివారు, 1858లో ఇండోనేషియా దీవుల్లో జ్వరంతో పడుకుని ఉండగా అది గుర్తొచ్చి, సరిగ్గా అక్కడికే చేరారు. మాల్థస్ మొదటి ముద్రణ 1798 నాటిది, అప్పటికి ఎంతమంది చదివి ఉంటారో ఆలోచించండి. వాళ్లంతా జనాభా గురించి చదివారు. ఈ ఇద్దరూ తమ ప్రశ్న గురించి చదివారు.

ఇప్పుడు మన ఫోన్ల సంగతికి వద్దాం. తర్వాత చదువుదామని సేవ్ చేసినవి, చూద్దామని దాచిన వీడియోలు, స్క్రీన్‌షాట్లు, అదో పెద్ద గుట్ట. సేవ్ నొక్కగానే నేర్చేసుకున్నామన్న తృప్తి ఒకటి వస్తుంది, మళ్లీ ఆ గుట్ట చూస్తే టెన్షన్ కూడా వస్తుంది. నన్నడిగితే సగానికి సగం తీసేసినా నష్టం లేదు. ఉంచుకున్నదాన్ని ఎలా ఉంచుకోవాలన్నదే అసలు విషయం, దాని గురించి కొంచెం నిదానంగా చెబుతాను.

మనం మామూలుగా నోట్సును సబ్జెక్టు వారీగా పెట్టుకుంటాం. వైద్యం ఒకచోట, రైళ్లు ఒకచోట, భూగర్భ శాస్త్రం ఇంకోచోట. అలా పెడితే వేర్వేరు రంగాల ఆలోచనలు ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. అలా కాకుండా శీర్షికగా ఒక పని రాయండి, ఉదాహరణకు "తెరవకుండా లోపల ఏముందో తెలుసుకోవడం". దాని కింద ఛాతీ తట్టే డాక్టర్ వస్తారు. రైలు చక్రాన్ని సుత్తితో కొట్టి, గణగణమంటే బాగుందనీ, బొంగురుపోతే పగులుందనీ చెప్పే ఉద్యోగి వస్తాడు. కడుపులో బిడ్డను చూపించే అల్ట్రాసౌండ్ వస్తుంది. భూకంప తరంగాలు ఎక్కడెక్కడ ఎలా తేలుతున్నాయో చూసి, భూమి నడిమధ్యన ఇంకో గోళం ఉందని 1936లో చెప్పిన డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ కూడా అక్కడికే వస్తారు. నలుగురూ ఒకే పేజీలో ఉన్నప్పుడు ఐదో మాట మన బుర్రలోంచి పుడుతుంది. ఉద్యోగి రాజీనామా చేసేదాకా అసంతృప్తి బయటపడని ఆఫీసుంటుంది, ఫెయిలయ్యేదాకా పిల్లాడికి అర్థం కాలేదని తెలియని క్లాసుంటుంది, అక్కడ తట్టి చూడటం అంటే ఏం చేయాలి? అడగాల్సిన ప్రశ్న వెంటనే మారిపోతుంది.

రాసేటప్పుడు పుస్తకంలోని వాక్యం ఉన్నదున్నట్టు దించడం కన్నా, పుస్తకం మూసేసి, గుర్తున్నంత సొంత మాటల్లో రాయడం మేలు. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. చదివినదే మళ్లీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, పుస్తకం పక్కనపెట్టి గుర్తు చేసుకున్నవాళ్లే ముందున్నారు. అందుకే మళ్లీ చదివినప్పుడు అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది, ఆ అనిపించడాన్ని నమ్మకండి.

ఇక వయసు. ఇప్పుడు నేర్చుకుని ఏం సాధిస్తాం అనేవాళ్లకు నేను విలియం హెర్షెల్ గురించి చెబుతాను. ఆయన ఇంగ్లండులోని బాత్ పట్టణంలో సంగీతకారుడు. రాబర్ట్ స్మిత్ అనే ఆయన నాద శాస్త్రం మీద రాసిన పుస్తకం నచ్చి, అదే రచయిత కాంతి గురించి ఏం రాశాడో చూద్దామని ఇంకో పుస్తకం తీశారు. అక్కడి నుంచి టెలిస్కోపుల పిచ్చి పట్టుకుంది. అప్పటికి ఆయనకు ముప్ఫై దాటి కొన్నేళ్లయింది. అద్దాలు సొంతంగా అరగదీసుకుని, 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టారు. ఒకసారి అద్దం నునుపు చేస్తూ పదహారు గంటలు చెయ్యి తీయకపోతే, చెల్లెలు కరోలిన్ ముద్దలు నోట్లో పెట్టిందట.

ఆ కరోలిన్ గాయని. లెక్కలు, నక్షత్రాలు అన్నీ పెద్దయ్యాకే అన్నయ్య దగ్గర, పని చేస్తూ చేస్తూ నేర్చుకున్నారు. ఎక్కాలు మాత్రం ఎప్పటికీ నోటికి రాలేదు, కాగితం మీద రాసి దగ్గర పెట్టుకునేవారు. ఆ కాగితంతోనే రాత్రి చూసిన నక్షత్రాల స్థానాలు పగలు లెక్కకట్టారు, ఎనిమిది తోకచుక్కలు కనిపెట్టారు, 1828లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం అందుకున్నారు. అప్పటికి ఆమెకు డెబ్భై ఏడేళ్లు.

ఉంటానండీ, నమస్కారం.