బాలింతను మంచానికి కట్టేయకండి

నమస్కారం. పర్లాకిమిడిలోనైనా, గుణుపురంలోనైనా, బరంపురంలోనైనా మన తెలుగిళ్ళలో పురుడంటే పెద్దవాళ్ళ హడావుడి ఇంతా అంతా కాదు. బాలింతకు పత్యం, చెవుల్లో దూది, గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు. మంచం దిగితే కోప్పడతారు. అదంతా ప్రేమే. అందులో రెండు మాత్రం మానెయ్యమని అత్తలనూ అమ్మలనూ బతిమాలుకుంటున్నాను: నీళ్ళు కట్టడి చెయ్యడం, కదలనివ్వకపోవడం.

కాన్పులో రక్తం ఎక్కువగా పోకుండా, కడుపుతో ఉన్న మనిషి రక్తం మామూలుకంటే తొందరగా గడ్డకట్టేలా మారుతుంది. పెరిగే గర్భసంచి ఒత్తిడికి కాళ్ళలోని రక్తం పైకి రావడం కూడా మందగిస్తుంది. ఆపైన మంచానికే అతుక్కుపోతే, నీళ్ళూ తాగకపోతే, కాలి సిరలో గడ్డ ఏర్పడే ముప్పు పెరుగుతుంది. అది ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. ఈ ముప్పు అన్నిటికంటే ఎక్కువగా ఉండేది కాన్పయ్యాక మొదటి 6 వారాల్లో. గండం గడిచిందని మనం ఊపిరి పీల్చుకునే రోజులే అవి.

రెండు పాదాలూ వాచడం గర్భిణుల్లో మామూలే, దానికీ ఓసారి బీపీ చూపించుకోవాలి. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. చాలామందికి ఇది ఎడమ కాలికే వస్తుంది. బాలింత నొప్పే కదా అని నూనె రాసి పిసకకండి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తుంటే గుండెల్లో పొడిచినా, దగ్గులో రక్తం పడినా 108కి ఫోన్ చెయ్యండి.

ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరు లేవమన్నప్పుడు నర్సు చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వెయ్యాలి. పడుకున్నప్పుడు మడమలు ఆడిస్తూ ఉండాలి. ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా అలా జరిగినవాళ్ళు, 35 దాటినవాళ్ళు, బరువు ఎక్కువున్నవాళ్ళు, కవలల తల్లులు మొదటి చెకప్‌లోనే ఆ సంగతి చెప్పాలి. అవసరమైతే రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్ రాస్తారు. అది మాయ దాటి బిడ్డకు చేరదు. పాలివ్వడానికీ అడ్డం కాదు. సూదికి భయపడి మధ్యలో మానొద్దు.

ఇక్కడ ఒడిశాలో కాన్పయి, ఆంధ్రాలోని పాతపట్నం వైపు పుట్టింటికి వెళ్ళే అమ్మాయిలు ఎందరో. డిశ్చార్జి కాగితం సంచిలో పెట్టుకోండి. ఇంజెక్షన్ పేరు, ఎప్పటిదాకా వాడాలో ఆ కాగితం మీద ఉందో లేదో చూసుకుని, లేకపోతే రాయించుకుని మరీ బయల్దేరండి. అక్కడి డాక్టరుకు అదే ఆధారం. 108 నంబరు రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది.