కండక్టర్ లేని బస్సు

సభలో ఉన్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

బస్సుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నిజాం హయాంలో, 1932లో, 27 బస్సులతో మన ఆర్టీసీ మొదలైన సంగతి మీలో చాలామందికి తెలుసు కాబట్టి ఆ చరిత్ర జోలికి పోను. నేను ఇక్కడ హైదరాబాద్‌లో 49ఎమ్ బస్సులో సికింద్రాబాద్ వెళ్లే మనిషిని. మా అమ్మాయిని చూడ్డానికి లండన్ వెళ్తే అక్కడా బస్సులే ఎక్కాను. నాకు కనపడిన తేడాలు చెప్తాను.

లండన్ బస్సు ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఆగుతుంది. లోపలి నేల దాదాపు ఫుట్‌పాత్ ఎత్తులోనే ఉంటుంది. చక్రాల కుర్చీలో ఎవరైనా వస్తే మధ్య తలుపు కింద నుంచి ర్యాంపు బయటికొస్తుంది. మన దగ్గర? బస్సు స్టాపు దాటాకో, దానికి ముందో, నడిరోడ్డు మీద ఆగుతుంది. జనం పరుగు. ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో కూరగాయల సంచి పట్టుకున్న ఆవిడకి మొదటి మెట్టే మోకాలెత్తు. అయితే డ్రైవర్‌ని తిట్టి లాభం లేదు. స్టాపు జాగా అంతా ఆటోలు ఆక్రమించి ఉంటే బస్సు ఎక్కడ ఆగాలి?

లండన్‌లో 2014 జూలై నుంచి బస్సుల్లో డబ్బు తీసుకోవడం మానేశారు. కార్డు తాకించాలి, అంతే. ఒకసారి తాకిస్తే గంటలోపు వేరే బస్సెక్కినా మళ్లీ ఛార్జీ పడదు. ఇది మనకూ ఉంటే కోఠిలో బస్సు మారేవాళ్లకు ఎంత మేలో!

కానీ అక్కడ కండక్టర్ లేడు. కండక్టర్లతో నడిచే పాత రూట్‌మాస్టర్ బస్సులు మామూలు రూట్లలో చివరిగా తిరిగింది 2005 డిసెంబర్ 9న, 159 నంబరు మీద. ఇప్పుడు రాబోయే స్టాపు పేరు రికార్డు చేసిన గొంతు చెప్తుంది. "ఆస్పత్రికి ఎక్కడ దిగాలి?" అని దాన్ని అడగలేం.

మన కండక్టర్ సంగతి చూడండి. బాకీ చిల్లర టికెట్ వెనక రాసిస్తాడు. అసలే చిల్లర లేకపోతే ముక్కూమొహం తెలియని ఇద్దరికి కలిపి ఒక నోటు చేతిలో పెట్టి, "దిగినంక మీరూ మీరూ చూస్కోండి" అంటాడు. పాపం, ఆ నోటు మార్చడానికి వాళ్లలో ఒకాయన అక్కర్లేని అరటిపళ్లు కొంటాడు.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం వచ్చింది. ఆడవాళ్లకు ఛార్జీ పోయింది గానీ టికెట్ పోలేదు. జీరో టికెట్ కొడితేనే ఆ ప్రయాణం లెక్కకెక్కుతుంది, సర్కారు నుంచి సంస్థకు సొమ్ము వస్తుంది. "పైసలే లేనప్పుడు టికెటెందుకు బిడ్డా?" అని ఒక పెద్దావిడ అడిగింది. కండక్టరమ్మ మెషీన్ నొక్కుతూనే, "నీకు గాదు పెద్దమ్మా, నా లెక్కకు" అంది. కాలు పెట్టే సందు లేని బస్సులో ఒక్కొక్కరి ఆధార్ చూసి, ఆ కాగితం చింపి ఇవ్వడం ఎంత కష్టమో ఎక్కి చూస్తే తెలుస్తుంది. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి బస్సులు అందరికీ ఉచితం కాబట్టి ఈ బాధ లేదు.

దూరప్రాంతాల సర్వీసులు కొన్నింట్లో మన దగ్గరా డ్రైవరే టికెట్లిస్తున్నాడు. ఆ బస్సుల్లో అది నడుస్తుంది. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో ఆ పని పెట్టారంటే బస్సు స్టాపు దాటదు. ముందు వరుసలో డిపోల్లో పనిచేసి రిటైరైనవాళ్లు కూర్చున్నారు. నిండు బస్సులో టికెట్లు కొట్టే టిమ్ మెషీన్ మొరాయిస్తే ఏం చేసేవారో ఇక వాళ్లే చెప్పాలి.